"రైస్ బ్యాగ్" అనే తిట్టు, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది

దళితుడి చేతిలో బైబిలు కనబడితే చాలు, కామెంట్లలో ఎవడో ఒకడు "రైస్ బ్యాగ్" అని ఒక మాట విసిరిపోతాడు. మిత్రులారా, ఈసారి ఆ మాటను ధాత కరువు ముందు నిలబెట్టి చూద్దాం.

1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చచ్చిపోయారు. రేవుల నుంచి ధాన్యం మాత్రం ఓడలెక్కి పోతూనే ఉంది. కరువు పనిలో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా సరిపోతాయని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. ఆకలి అందరికీ ఒక్కలా రాలేదు. కల్లం దగ్గర పెట్టే మేర మీద బతికే మాదిగకు కల్లమే లేని ఏడాది ఏం మిగులుతుంది?

ఒంగోలులో అప్పటికి పదేళ్ళుగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఊళ్ళలో దాన్ని పెంచింది మాత్రం యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు. సంఘంలో చేరినవాళ్ళు ఆదివారం వెట్టికి పోరు, చచ్చిన గొడ్డు మాంసం తినరు, జాతరలో డప్పు కొట్టరు. అంటే ఊరు పెట్టే ముద్దను ముందే వదులుకున్నారు. దేవుడు పోషిస్తాడన్న నమ్మకానికి వాళ్ళు కట్టిన మొదటి మూల్యం అది.

కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం సాగింది. క్లౌ అందులో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఇది చిన్న మార్పు కాదు. తట్ట మోసే మాదిగ మీద అజమాయిషీ చేసేవాడు మరో మాదిగ. తిట్టడు, అంటు అనడు, సాయంత్రం పక్కన కూర్చుని క్రీస్తు కథ చెబుతాడు. పరలోక ప్రార్థన అడిగేది ఏ రోజు రొట్టె ఆ రోజుకే. ఎడారిలో దొరికిన మన్నా మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. గాదెలున్నవాడికి ఇది ఉపదేశం. రోజుకూలికి అది తన బతుకే.

ఇక అసలు సంగతి. కూడు కోసం వస్తున్నారన్న మాట రాకూడదని క్లౌ పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. 1878లో సహాయ నిధి అయిపోవస్తోంది, ఇక డబ్బు లేదు, ఇళ్ళకు పొండని చెప్పాడు. అప్పుడు వచ్చారు జనం! సహాయం అక్కర్లేదన్నారు. కష్టపడి బతకగలమనడానికి చేతుల మీద బొబ్బలు చూపించారు. వచ్చే పంట కూడా పోతే చస్తాం, కానీ క్రైస్తవులుగా చస్తాం అన్నారు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెల్లదొర కాదు, మన బోధకులే.

ఇదంతా మిషనరీ రాసుకున్న చరిత్రే కదా అంటారు. నిజమే. అమెరికాలో చందాలిచ్చేవాళ్ళు చదవడానికి రాసింది, కాబట్టి కాస్త ఆచితూచి చదవాలి. కానీ తేదీల వరుస చూడండి. గంజి ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మం లేదు, బాప్తిస్మం మొదలయ్యేసరికి గంజి లేదు. బియ్యం సంచి ఇందులో ఎక్కడ ఇరికిస్తారు?

ఆ 2,222 మందిలో ఆడవాళ్ళు ఎందరో, ఏ పల్లెల నుంచి నడిచొచ్చారో మన ఇళ్ళలోనే వెతకాలి. ప్రకాశం, నెల్లూరు, పల్నాడు వైపు విద్యార్థులు మీ నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని ధాత కరువు గురించి అడిగి ఇక్కడ రాయండి. పేరయ్య గురించి వచ్చే భాగంలో.