విద్యుత్ డెలివరీ వ్యానులో ఎ.బి.ఎస్. మాడ్యూలు మార్పిడి

విద్యుత్ డెలివరీ వ్యానులో ఎ.బి.ఎస్. మాడ్యూలు మార్పిడి అనగా, గట్టిగా బ్రేకు వేసినపుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే యాంటీ-లాక్ బ్రేకింగ్ వ్యవస్థలోని నియంత్రణ పెట్టెను తొలగించి, దాని స్థానంలో సరియైన మరొక పెట్టెను అమర్చే పని. యాంటీ-లాక్ బ్రేకింగ్ వ్యవస్థనే క్లుప్తంగా ఎ.బి.ఎస్. అంటారు. ఈ పనిలో మూడు దశలున్నాయి: లోపం నిజంగా మాడ్యూలులోనే ఉన్నదని నిర్ధారించుకోవడం, భాగాన్ని మార్చి బ్రేకు గొట్టాలలోని గాలిని పూర్తిగా తీసివేయడం, కొత్త మాడ్యూలుకు ఆ వాహనం వివరాలను నమోదు చేయడం. వీటిలో ఏది లోపించినా కొత్త భాగం అమర్చిన తరువాత కూడా బ్రేకులు సురక్షితం కావు.

సూత్రం

దొర్లుతున్న చక్రానికి, రోడ్డుకు మధ్య ఉండే పట్టు ఎక్కువ. చక్రం తిరగడం ఆగి టైరు రోడ్డుపై జారడం మొదలైతే ఆ పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు తిప్పినా వాహనం మలుపు తిరగక తిన్నగా పోతుంది. వెనుక చక్రాలు బిగుసుకుంటే వాహనం వెనుకభాగం పక్కకు తిరిగిపోతుంది. సరకు దించిన తరువాత వెనుక చక్రాలపై బరువు తగ్గుతుంది గనుక ఖాళీ వ్యానులో ఈ రెండవ ప్రమాదం ఎక్కువ.

ఉదాహరణకు 2,000 కిలోల వ్యాను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుంటే దాని గతిజశక్తి సుమారు 1,93,000 జౌళ్ళు. వేగం రెట్టింపయితే ఈ శక్తి నాలుగు రెట్లవుతుంది. ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డుపై, బ్రేకు పనిచేయడం మొదలైన క్షణం నుండి ఈ వ్యాను ఆగడానికి లెక్క ప్రకారం 12.3 మీటర్లు పడుతుంది. గుణకం 0.4 ఉన్న తడి రోడ్డుపై 24.6 మీటర్లు కావాలి. ఈ దూరం పొడవునా స్టీరింగు డ్రైవరు ఆధీనంలో ఉండేట్లు చూడటమే ఎ.బి.ఎస్. ముఖ్య ప్రయోజనం. ఇసుక, కంకర పరచుకున్న దారిపై ఎ.బి.ఎస్. ఉన్నప్పటికీ ఆగే దూరం కొంత పెరగవచ్చు.

చరిత్ర

చక్రాలు బిగుసుకోకుండా చూసే ప్రయత్నాలు మొదట విమానాలలో జరిగాయి. 1950లలో డన్‌లప్ సంస్థ తయారుచేసిన మాక్సారెట్ అనే యాంత్రిక వ్యవస్థ విమానాలలో విరివిగా వాడబడింది. 1966లో ఇది జెన్సన్ ఎఫ్.ఎఫ్. అనే కారులో అమర్చబడింది. 1978లో బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ వ్యవస్థ మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్ కారులో వచ్చింది. నేటి వాహనాలలోని మాడ్యూళ్ళు ఈ ఎలక్ట్రానిక్ పద్ధతినే అనుసరిస్తాయి.

నిర్మాణం, పనిచేయు విధానం

ప్రతి చక్రం వద్ద దాని వేగాన్ని కొలిచే సెన్సారు ఒకటి ఉంటుంది. పళ్ళున్న ఉంగరం గాని, అయస్కాంత ఉంగరం గాని చక్రంతో పాటు తిరుగుతుంటే సెన్సారు ఆ కదలికను విద్యుత్ సంకేతాలుగా మార్చి మాడ్యూలుకు పంపుతుంది. మాడ్యూలులో మూడు ముఖ్య భాగాలుంటాయి.

* ద్రవ విభాగం: బ్రేకు ద్రవం ప్రవహించే సన్నని దారులు తొలిచిన లోహపు దిమ్మ. నాలుగు చక్రాలను విడివిడిగా నియంత్రించే ఎ.బి.ఎస్.లో సాధారణంగా 8 విద్యుదయస్కాంత వాల్వులు ఉంటాయి. వాహన స్థిరత్వాన్ని కాపాడే ఇ.ఎస్.సి. వ్యవస్థ కూడా కలిసి ఉంటే వీటి సంఖ్య సాధారణంగా 12.
* పంపు, మోటారు: చక్రం వద్ద పీడనం తగ్గించినపుడు బయటకు వచ్చిన ద్రవాన్ని తిరిగి మాస్టర్ సిలిండరు వైపు నెట్టుతుంది.
* ఎలక్ట్రానిక్ నియంత్రిక: సంకేతాలను లెక్కించి వాల్వులకు, పంపుకు ఆదేశాలు ఇస్తుంది.

ఒక చక్రం మిగిలినవాటికంటె హఠాత్తుగా నెమ్మదిస్తే, నియంత్రిక ఆ చక్రానికి పోయే పీడనాన్ని మొదట పెరగకుండా నిలుపుతుంది. అది చాలకపోతే తగ్గిస్తుంది. చక్రం మళ్ళీ తిరగగానే పీడనాన్ని పెంచుతుంది. సెకనుకు అనేక పర్యాయాలు ఈ చర్య జరగడం వలన పెడలు కాలికి అదురుతున్నట్లు తెలుస్తుంది. ఇది లోపం కాదు. అట్టి సమయంలో పెడలును వదలకుండా గట్టిగా తొక్కి ఉంచాలి.

విద్యుత్ వాహనంలో ప్రత్యేకత

విద్యుత్ వాహనంలో యాక్సిలరేటరు వదిలినపుడు, బ్రేకు తొక్కినపుడు మోటారు జనరేటరుగా మారి, వాహన గమనశక్తిలో కొంత భాగాన్ని విద్యుత్తుగా బ్యాటరీకి తిరిగి పంపుతుంది. దీనిని పునరుత్పాదక బ్రేకింగ్ అంటారు. మన దేశంలో 2022 మే నెలలో విడుదలైన టాటా ఏస్ ఇ.వి. వంటి చిన్న సరకు వాహనాలలో కూడా ఈ సౌకర్యం ఉంది.

అయితే జారుడు రోడ్డుపై మోటారు కలిగించే ఈ నిరోధమే చక్రాన్ని బిగదీయగలదు. అందువలన ఎ.బి.ఎస్. ఉన్న వాహనంలో చక్రం జారబోతున్నట్లు తెలియగానే పునరుత్పాదక బ్రేకింగును తగ్గించమని గాని, ఆపమని గాని మోటారు నియంత్రికకు సందేశం వెళుతుంది. ఈ సందేశాలు క్యాన్ అనే తీగల జాలం ద్వారా సాగుతాయి. మాడ్యూలు నుండి సరియైన సమాచారం రానపుడు అనేక నమూనాలలో పునరుత్పాదక బ్రేకింగ్ నిలిచిపోతుంది. తత్ఫలితంగా ఒకసారి ఛార్జి చేస్తే నడిచే దూరం తగ్గుతుంది. కనుక ఎ.బి.ఎస్. దీపం వెలిగిన వ్యానులో "బ్యాటరీ త్వరగా దిగిపోతోంది" అనే ఫిర్యాదు వస్తే, బ్యాటరీని అనుమానించే ముందు బ్రేకు వ్యవస్థను పరీక్షించడం మంచిది.

మాడ్యూలు పనిచేసేది వాహనాన్ని నడిపే పెద్ద బ్యాటరీతో కాదు, సాధారణంగా 12 వోల్టుల చిన్న బ్యాటరీతో. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది బలహీనపడితే ఎ.బి.ఎస్. దీపం వెలగవచ్చు.

లోప లక్షణాలు

* పసుపు రంగు ఎ.బి.ఎస్. దీపం మాత్రమే వెలిగి ఉంటే సాధారణ బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది, కాని చక్రాలు బిగుసుకోకుండా కాపాడే రక్షణ ఉండదు.
* ఎరుపు రంగు బ్రేకు దీపం కూడా వెలిగితే బ్రేకు ద్రవం తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు. వాహనాన్ని నడపరాదు.
* పెడలు మెత్తగా లోపలికి దిగిపోతే ద్రవం కారుతున్నదని గాని, గొట్టాలలో గాలి చేరిందని గాని భావించాలి.
* బ్రేకు వేయకుండానే మాడ్యూలు పంపు ఆగకుండా మ్రోగుతూ ఉంటే రిలే గాని, నియంత్రిక గాని చెడి ఉండవచ్చు.

లోప నిర్ధారణ

మాడ్యూలు ఖరీదైన భాగం. కిరాయి మీద ఆధారపడిన వ్యాను యజమానికి దాని ధరతో పాటు బండి నిలిచిపోయిన రోజుల ఆదాయం కూడా నష్టమే. ఎ.బి.ఎస్. దీపం వెలగడానికి మాడ్యూలుకు బయట ఉన్న కారణాలు కూడా అనేకం. కావున పరీక్ష ఈ క్రమంలో సాగాలి.

1. స్కానరుతో లోప సంకేతాలను చదివి వ్రాసి ఉంచుకోవాలి. పరీక్ష పూర్తి కాకుండా వాటిని తుడిచివేయరాదు.
2. 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ తీగ బిగింపు చూడాలి.
3. లోపం చూపిన చక్రం వద్ద సెన్సారు, ఉంగరం, బేరింగు, తీగ పరీక్షించాలి. చక్రంతో పాటు పైకి క్రిందికి కదిలే చోట తీగ లోపల తెగి, పైకి బాగున్నట్లే కనిపించవచ్చు.
4. నాలుగు టైర్ల సైజు సరిపోలుతున్నదో లేదో చూడాలి. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరగడం వలన తప్పుడు సంకేతం వస్తుంది.
5. మాడ్యూలు కనెక్టరు విప్పి పిన్నులపై తేమ, చిలుము ఉన్నాయేమో చూడాలి.
6. మాడ్యూలుకు సరియైన విద్యుత్తు, ఎర్త్, సెన్సారు సంకేతాలు అన్నీ అందుతున్నా పంపు, వాల్వు లేక నియంత్రిక లోపమే మళ్ళీ నమోదైతే మాడ్యూలు మార్చాలి.

తీరప్రాంతాలలో సమస్యలు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు బంగాళాఖాతం ఒడ్డున ఉన్న గ్రామం. ఇక్కడికి సమీపంలోని నౌపడ ఉప్పు కొటార్లకు ప్రసిద్ధి. ఇటువంటి చోట గాలిలోని ఉప్పు, తేమ కలిసి కనెక్టర్లలోని రాగి పిన్నులపై చిలుమును, ఇనుప ఉంగరాలపై తుప్పును త్వరగా కలిగిస్తాయి. ఉంగరం పళ్ళ మధ్య తుప్పు పేరుకుంటే సెన్సారు సంకేతం దెబ్బతింటుంది. చేపల పెట్టెల నుండి కారే ఉప్పునీరు కూడా ఇదే పని చేస్తుంది. పునరుత్పాదక బ్రేకింగ్ వలన బ్రేకు డిస్కుల వాడకం తగ్గుతుంది గనుక విద్యుత్ వాహనంలో డిస్కులపై తుప్పు మరింత నిలుస్తుంది.

బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 ద్రవం కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నపుడు 230 డిగ్రీల సెల్సియస్ కాగా, ప్రమాణం ప్రకారం తేమ చేరిన స్థితిలో 155 డిగ్రీలు. ద్రవంలోని తేమ మాడ్యూలు లోపలి వాల్వులను కూడా పాడుచేస్తుంది. కనుక తయారీదారు చెప్పిన గడువులోగా ద్రవం మార్చడం మాడ్యూలు ఆయుష్షును పెంచుతుంది.

2018 అక్టోబరులో ఈ జిల్లాలో తీరం దాటిన తిత్లీ వంటి తుఫానుల సమయంలో ఉప్పునీట మునిగిన విద్యుత్ వాహనాన్ని స్విచ్ వేసి చూడరాదు, ఛార్జి చేయరాదు. శిక్షణ పొందిన నిపుణులకు అప్పగించాలి.

మార్పిడి విధానం

ఈ పనిని విద్యుత్ వాహనాలపై శిక్షణ పొందిన మెకానిక్కు, ఆ నమూనాకు చెందిన సర్వీసు మాన్యువల్ ప్రకారం చేయాలి. సాధారణ క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. పాత మాడ్యూలు భాగసంఖ్యను, అందులో నమోదై ఉన్న వాహన వివరాలను భద్రపరచాలి.
2. వ్యానును సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, స్విచ్ ఆపి, తాళం దూరంగా ఉంచి, 12 వోల్టుల బ్యాటరీ ఋణ తీగను విడదీయాలి. నారింజ రంగు తీగలు అధిక వోల్టేజివి. వాటిని తాకరాదు. మాన్యువల్ కోరిన చోట అధిక వోల్టేజిని కూడా వేరుచేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యే వరకు ఆగి, మీటరుతో సరిచూసుకోవాలి.
3. ఏ గొట్టం ఎక్కడిదో గుర్తులు పెట్టుకోవాలి. సాధారణంగా మాస్టర్ సిలిండరు నుండి రెండు, చక్రాలకు నాలుగు, మొత్తం ఆరు గొట్టాలుంటాయి. గొట్టాలు తారుమారైతే మాడ్యూలు ఒక చక్రానికి బదులు మరొక చక్రం పీడనాన్ని తగ్గిస్తుంది.
4. ఫ్లేర్ నట్ స్పానరుతో నట్లు విప్పి, గొట్టాల కొనలకు వెంటనే మూతలు పెట్టాలి. బ్రేకు ద్రవం రంగును పాడుచేస్తుంది కనుక ఒలికిన చోట నీటితో కడగాలి.
5. కొత్త మాడ్యూలు రంధ్రాల మూతలను గొట్టం అమర్చే సమయంలోనే తీయాలి. నట్లను మొదట చేతితో త్రిప్పి, తరువాత టార్క్ స్పానరుతో మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాలి.
6. సీలు తీయని డబ్బాలోని నిర్దేశిత ద్రవాన్ని పోసి గాలి తీయాలి. మెకానిక్కులు దీనిని బ్లీడింగ్ అంటారు. పెడలు తొక్కితే మాడ్యూలు లోపలి అన్ని దారులూ తెరుచుకోవు. అనేక నమూనాలలో స్కానరు ద్వారా పంపును, వాల్వులను నడిపించి లోపలి గాలిని కూడా తీసి, మళ్ళీ ఒకసారి చక్రాల వద్ద తీయాలి.
7. వాహన గుర్తింపు సంఖ్య, నమూనా, టైరు సైజు వంటి వివరాలు నమోదు చేయాలి. ఇ.ఎస్.సి. ఉంటే స్టీరింగు కోణం తదితర సెన్సార్లను సున్నా వద్ద సరిచేయాలి.

బ్రేకు బూస్టరు, ఎ.బి.ఎస్. ఒకే పెట్టెలో కలిసి ఉన్న నమూనాలలో పద్ధతి వేరుగా ఉంటుంది. ఇతర వాహనం నుండి తీసిన పాత మాడ్యూలు చూపుకు ఒకేలా ఉన్నా, భాగసంఖ్య గాని, నమోదు వివరాలు గాని సరిపోకపోతే పనికిరాదు.

తుది పరీక్ష

వాహనం కదిలించక ముందే పెడలు గట్టిగా ఉండాలి, ఏ నట్టు వద్దా చెమ్మ కనిపించరాదు. తరువాత జనసంచారం లేని చోట తక్కువ వేగంతో సాధారణ బ్రేకును, పిదప ఎ.బి.ఎస్.ను, చివరగా పునరుత్పాదక బ్రేకింగును పరీక్షించాలి. పూర్తిగా నిండిన బ్యాటరీ అదనపు విద్యుత్తును స్వీకరించదు కనుక ఈ చివరి పరీక్షకు బ్యాటరీ కొంత ఖాళీగా ఉండాలి. దీపం ఆరినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. గాలి మిగిలి ఉన్న బ్రేకులో కూడా దీపం ఆరి ఉండవచ్చు.

నిబంధనలు

మన దేశంలో వాహనాల బ్రేకులకు సంబంధించిన నియమాలు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఉన్నాయి. 125 సి.సి. మించిన మోటారు సైకిళ్ళ కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ నుండి, అప్పటికే అమ్మకంలో ఉన్న నమూనాలకు 2019 ఏప్రిల్ నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. చిన్న సరకు వాహనాలన్నింటిలోను ఎ.బి.ఎస్. ఉండదు. కొనేముందు నమూనా వివరాలలో చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* బ్రేకు
* ఘర్షణ
* విద్యుత్ వాహనం
* పాస్కల్ నియమం
* భావనపాడు