ప్రతాపరుద్రుడు ఎరుగని మిర్చీ

వర్ధన్నపేటలో సాయంత్రమైతే బండి మీది మిర్చీల వాసనకు ఆగనివారు అరుదు. ఇది తాతముత్తాతల తిండి అనుకుంటాము. కానీ 1323లో ఓరుగల్లు పతనమయ్యేనాటికి మిరపకాయే మన దేశానికి రాలేదు. కారానికి మిరియాలే దిక్కు. అమెరికా ఖండపు ఈ పంటను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చారు. పరాయి కాయ మనదైపోయి, 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. (అది ఎర్రని రంగుకు పేరు, బజ్జీకి కాదు.)

ఇంట్లో మా శ్రీమతి కారం తక్కువున్న పొడుగు కాయలను చీల్చి, గింజలు తీసి, ఓమ, ఉప్పు కలిపిన చింతపండు గుజ్జు కూరుతుంది. శనగపిండి జారుగా కలిపితే కాయకు పట్టదు. కాగిన నూనెలో వేసి, మంట తగ్గించాలి. డాక్టరుగారు నూనె వద్దన్నాక నా వాటా రెండే. మనుమలు వచ్చిననాడు మాత్రం లెక్కపెట్టేవారుండరు.