రక్తం చెప్పే సగం మాట

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగువాళ్లలో ఎవరికైనా లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడే జబ్బు) అని తేలితే, కలకత్తా వెళ్లినా, వెల్లూరు రైలెక్కినా చేతిసంచిలో రిపోర్టుల ఫైలు ఉండాల్సిందే. అందులోని పాత పరీక్షల్లో ఒకటి ఈఎస్ఆర్. నిలబెట్టిన సన్నని గొట్టంలో ఎర్రకణాలు గంటకి ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలవడమే అది. గర్భాన్ని పసిగట్టడానికి పనికొస్తుందేమోనని స్వీడన్‌లో 1918లో ఫోరియస్ చూశాడు. 1921లో వెస్టర్‌గ్రెన్ దాన్నే క్షయ రోగుల్లో కొలిచాడు. పుట్టుకే ఇలా ఉంటే ఒక్క జబ్బుకి కట్టుబడి ఉంటుందా? రక్తహీనతకీ పెరుగుతుంది, లూపస్‌కీ పెరుగుతుంది.

లూపస్‌కంటూ ఒక గుర్తు 1948లో దొరికింది. అమెరికా మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం ఎముక మజ్జలో, వేరే కణపు కేంద్రకాన్ని మింగి కూర్చున్న తెల్లకణాన్ని చూసింది. ఈ ఎల్ఈ కణం జబ్బుని పట్టించింది గానీ, అది ఈ నెల రేగిందా, సద్దుమణిగిందా అన్నది చెప్పలేకపోయింది.

ఆ లోటు రెండు వైపుల నుంచి తీరింది. రక్షణ వ్యవస్థకి తోడ్పడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు లూపస్ రోగుల రక్తంలో తగ్గుతాయని 1951లో గమనించారు. సొంత డీఎన్ఏ మీదికే లేచే యాంటీబాడీలు 1957లో పలు ప్రయోగశాలల్లో విడివిడిగా బయటపడ్డాయి. ఆ యాంటీబాడీల ముద్దలు మూత్రపిండాల్లో పేరుకుంటూ కాంప్లిమెంట్‌ని ఖర్చు చేస్తాయి. అందుకే ఒకటి పెరిగితే రెండోది పడిపోతుంది. ఈ జోడీ రోగి పరిస్థితితో పాటు కదులుతుందని 1968లో షుర్, శాండ్సన్ చూపించారు. నేటి రిపోర్టులో సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు, డీఎస్-డీఎన్ఏ అనే యాంటీబాడీ పరీక్ష పక్కపక్కన ఉండేది అందుకే.

నన్నడిగితే మన ఊళ్లలో అక్కరకొచ్చేది సీఆర్‌పీ. 1930లో న్యుమోనియా రోగుల్లో కనిపెట్టిన ఈ ప్రోటీన్, లూపస్ రేగినా చాలామందిలో పెద్దగా పెరగదు. కీళ్లో, గుండె, ఊపిరితిత్తుల పొరలో వాచినప్పుడు మాత్రం పెరుగుతుంది. అవేమీ లేకుండా జ్వరంతో సీఆర్‌పీ ఎగబాకితే లూపస్ కన్నా ముందు ఇన్ఫెక్షన్‌ని అనుమానించాలి. క్షయ ఇంకా పోని దేశంలో, స్టెరాయిడ్ పెంచాలా, కఫం పరీక్షకి పంపాలా అన్న చోట ఈ తేడా ప్రాణాల మీది విషయం.

అయినా రక్తం చెప్పేది సగమే. లూపస్ ఎంత రేగిందో లెక్కగట్టే 1992 నాటి స్లెడాయ్ కొలమానంలో డీఎన్ఏ యాంటీబాడీకి 2, తగ్గిన కాంప్లిమెంట్‌కి 2 మార్కులే, మూర్ఛకైతే 8. అంకెలు ఏళ్ల తరబడి చెడుగానే ఉన్నా ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లున్నారు. రక్తం సవ్యంగానే ఉండి మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్లూ ఉన్నారు. అందుకే రక్తం తీసిన రోజే చేతికి ఓ చిన్న సీసా కూడా ఇస్తారు.