ఇల్లు వచ్చింది, కాలేజీ వచ్చింది, మరి ఫీజు?

మన పెద్దల కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు పెద్ద చదువంటే హైదరాబాదే. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. కాని అక్కడ ఉండి చదివే స్తోమత మనలో ఎందరికుండేది? 1976లో వరంగల్‌లో కాకతీయ, 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2008లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. చదువు దగ్గరైంది.

2006లోనే ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలై మన పేద కుటుంబాలు కొన్నింటికి నీడ దొరికింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, అది మైనారిటీ పిల్లలకూ వర్తించింది. కిరాయి ఇంటి బాధ తప్పిన తండ్రి కూతుర్ని కాలేజీకి పంపే ధైర్యం చేశాడు.

అయితే సర్కారు సొమ్ము ఆలస్యమైతే కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపుతారు. పిల్ల చదువు అక్కడే ఆగుతుంది. ఇల్లున్నా ఫలమేమిటి?

కాబట్టి సోదరులారా, మన సొసైటీ ఖర్జె హసనా నిధి పెట్టాలి. కాలేజీ బకాయి మనం కడదాం, సర్కారు సొమ్ము రాగానే తిరిగి జమ చేయించుకుందాం. వడ్డీ లేదు, దానమూ కాదు. పిల్ల చదువు ఆగకుండా ఉంటే చాలు.