పాత కారు బానెట్: తెరవడం, మూయడం, కాపాడుకోవడం

నాన్నగారో, తాతగారో కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు కనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఇలాంటి పాత కార్లలో చాలామంది పట్టించుకోని భాగం బానెట్. కారు నడుస్తుండగా అది లేస్తే ఎదుటి రోడ్డే కనిపించదు. అందుకే దీని గురించి ఇంట్లో డ్రైవింగ్ చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

అన్ని కార్లకూ ఒకే పద్ధతి కాదు

చాలా కార్లలో బానెట్ ముందు వైపు నుంచి పైకి లేస్తుంది, కీళ్లు అద్దం వైపు ఉంటాయి. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లో మాత్రం మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు వాలుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇంజిన్ వెనక ఉంటుంది, ముందు మూత కింద సామాన్ల చోటే.

తెరిచేటప్పుడు

కారును చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి. డ్యాష్‌బోర్డ్ కింది లివర్ లాగితే లాక్ వదులై బానెట్ కొద్దిగా లేస్తుంది. అప్పుడు సందులో వేళ్లు పెట్టి సేఫ్టీ క్యాచ్, అంటే రెండో కొక్కెం తప్పించాలి. లాక్ జారినా బానెట్ ఎగరకుండా ఆపేది ఈ కొక్కెమే. ఊత కడ్డీ ఉంటే దాని గుంతలో సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే తల లోపల పెట్టాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు.

లోపల్నుంచి పొగ, మంట వస్తుంటే బానెట్ తెరవనే వద్దు. గాలి తగిలితే మంట పెరుగుతుంది. అందరూ దిగి దూరంగా వెళ్లి 101 లేదా 112కి ఫోన్ చేయాలి.

లివర్ లాగినా రాకపోతే

బలంగా గుంజితే పాత కేబుల్ తెగుతుంది. ఒకరు లాక్ ఉన్న చోట బానెట్‌ను అరచేతులతో కిందికి నొక్కుతుంటే, ఇంకొకరు లివర్ లాగాలి. చాలాసార్లు వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చితే రేకు వంగి, పెయింట్ లేచిపోతుంది. కేబుల్ తెగితే గ్రిల్ సందులోంచి లాక్‌ను తప్పించడం మెకానిక్ పని. కొత్త కేబుల్ వేయించేటప్పుడే లాక్‌కు అదనంగా ఒక తీగ కట్టించుకుంటే మళ్లీ ఆ ఇబ్బంది ఉండదు.

మూసేటప్పుడు

పై నుంచి దబ్బున వదలొద్దు. నెమ్మదిగా దించి, లాక్‌కు సరిగ్గా పైన రెండు అరచేతులతో నొక్కాలి. మధ్యలో నొక్కితే రేకు సొట్ట పడుతుంది. తర్వాత అంచు పట్టి ఒకసారి పైకి లేపి చూడాలి. కదిలితే లాక్ పడనట్టే, బండి తీయొద్దు.

సంరక్షణ

తుప్పు ఎక్కువగా లోపలి అంచుల్లో మొదలవుతుంది. అక్కడ చేరిన మట్టి, ఆకులు తుడిచేయాలి. రెండు మూడు నెలలకోసారి కీళ్లకు నూనె చుక్కలు, లాక్‌కు గ్రీజు పెట్టాలి. రబ్బరు బిళ్లలు అరిగిపోతే బానెట్ గడగడలాడుతుంది, మార్చాలి. ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, గాలి ఆడే గుడ్డ కవరే మేలు.

నికాహ్ బారాత్‌కు కారును అలంకరిస్తే పూలు అంటించే టేప్ పాత పెయింట్‌ను లాగేస్తుంది. రిబ్బన్‌తో కట్టడం మంచిది. తడి పూలు మరకలు వేస్తాయి కాబట్టి ఆ రోజే తీసి, నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవాలి.

పండక్కో, పెళ్లికో మాత్రమే బయటికి తీసే కారైతే స్టార్ట్ చేసే ముందు బానెట్ తెరిచి చూడాలి. ఎలుకలు వైర్లు కొరికి ఉండొచ్చు, పిల్లి పిల్లలు పడుకుని ఉండొచ్చు. ఆ ఒక్క నిమిషం కారుకూ మంచిది, ఆ మూగ ప్రాణాలకూ మంచిది.