డిస్కు నిండిందా? ముందు లెక్క చూడండి

ఇంట్లో కంప్యూటరు డిస్కు నిండగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఏ క్లీనరు వేసుకోమంటావ్?" అని. సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న పాపానికి నాకిది తరచూ ఎదురవుతుంది. నా జవాబొకటే: క్లీనరు తర్వాత సంగతి, ముందు ఏది ఎంత తింటోందో చూపించేది వేసుకోండి. ఎందుకంటారా? కాస్త వెనక్కి వెళ్ళాలి.

1990ల మొదట్లో డిస్కులు మెగాబైట్లలో ఉండేవి, ఖరీదూ ఎక్కువే. స్టాక్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ స్టాకర్ అనే సాఫ్టువేరు ఫైళ్ళని రాసేటప్పుడు కుదించి, చదివేటప్పుడు విప్పేది. ఉన్న డిస్కే దాదాపు రెట్టింపయినట్టు. 1993లో మైక్రోసాఫ్టు తన ఎమ్మెస్ డాస్ 6.0లో డబుల్‌స్పేస్ పేరుతో ఇదే పని చేసింది. స్టాక్ పేటెంటు కేసు వేసింది. 1994లో జ్యూరీ మైక్రోసాఫ్టుని 12 కోట్ల డాలర్లు కట్టమంది. దాంతో 6.21లో ఆ సౌకర్యం పీకేసి, 6.22లో డ్రైవ్‌స్పేస్ అని వేరేది పెట్టారు.

కోర్టు గొడవ అలా ఉంచండి. వాడేవాడికి అసలు చిక్కు వేరే ఉంది. కుదించిన డ్రైవంతా నిజానికి ఒకే ఒక్క పెద్ద దాపుడు ఫైలు. దానికి గట్టి దెబ్బ తగిలితే లోపలున్నవన్నీ పోయే ప్రమాదం. చోటు కోసం భద్రతని తాకట్టు పెట్టడమన్నమాట.

ఇంచుమించు అదే కాలంలో, 1990లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఇంకో కథ మొదలైంది. బెన్ ష్నైడర్‌మన్ ల్యాబులో 14 మంది వాడే 80 మెగాబైట్ల డిస్కు ఎప్పుడు చూసినా నిండే ఉండేది. ఆయన దాన్ని కుదించే ఆలోచన చెయ్యలేదు. డిస్కంతా ఒక దీర్ఘచతురస్రం అనుకుని, ఒక్కో ఫైలుకి దాని సైజుని బట్టి ఒక గడి ఇచ్చాడు. పెద్ద గడి ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది. అదే ట్రీమ్యాప్. లినక్సులో కేడర్‌స్టాట్, దాన్ని చూసి విండోసుకి 2003లో వచ్చిన విన్‌డర్‌స్టాట్, రెండూ ఈ బొమ్మనే వాడుకున్నాయి. విన్‌డర్‌స్టాట్ ఇప్పటికీ ఉచితమే, సోర్సు కూడా చూసుకోవచ్చు.

మరి క్లీనర్లో? 2017లో సీక్లీనర్ 5.33 వర్షనులోకి దొంగలు తమ కోడు దూర్చారు. తయారుచేసిన కంపెనీ లెక్క ప్రకారమే దాదాపు 22.7 లక్షల మంది దాన్ని వేసుకున్నారు. మన ఫైళ్ళని చెరిపే అధికారం ఇచ్చామంటే, ఇంటి తాళాలు ఇచ్చినట్టే కదా!

ఒక్క జాగ్రత్త. విండోసులో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు చాలా పెద్దగా కనిపిస్తుంది. హార్డు లింకుల వల్ల ఒకే ఫైలు రెండుసార్లు లెక్కలోకి రావచ్చు. దాన్ని చేత్తో చెరపకండి, ఆ పని విండోసుతో వచ్చే సాధనాలకే వదిలెయ్యండి.

నా మటుకు నాకు ఈ చరిత్ర చెప్పేది ఇదే. చోటు పుట్టిస్తానన్నవి వచ్చాయి, పోయాయి. లెక్క చూపించి, తీర్పు మనకే వదిలిన ఆలోచన మాత్రం నిలబడింది. ఏ ఫోటోలు ఉంచాలో, ఏ పాత సినిమా తీసెయ్యాలో మీకు తెలిసినంతగా ఏ క్లీనరుకి తెలుస్తుంది చెప్పండి?