కప్పు మీది పేరు, చొక్కా మీది పేరు

తెలంగాణలో 1950వ సంవత్సరం గురించి రాసేటప్పుడు మన సాహిత్య చరిత్రకారులు రెండు విషయాలు తప్పక పేర్కొంటారు. జనవరి 26న హైదరాబాదు భారత గణతంత్రంలో ఒక రాష్ట్రమైంది. ప్రజలు ఎన్నుకోని ఐ.సి.ఎస్. అధికారి వెల్లోడి దానికి ముఖ్యమంత్రి అయ్యాడు. ఇది ఒకటి. వరంగల్లు, నల్లగొండ జిల్లాల్లో రైతాంగ సాయుధ పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. ఇది రెండవది. మూడవ విషయం ఒకటుంది. దాన్ని ఎవరూ పేర్కొనరు. ఆ ఏటి డ్యూరాండ్ కప్ పోటీల్లో హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి విజేత అయింది.

బంతాటకూ అభ్యుదయ సాహిత్యానికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ‘పోలీసు’ అన్న మాటలోనే ఉంది.

ముందు ఆ కప్పు పుట్టుక చూద్దాం. 1888లో సిమ్లాలో ఈ పోటీని ప్రారంభించినవాడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్. 1893లో అఫ్ఘానిస్తాన్ సరిహద్దుకు గీత గీసి, ఆ గీతకు తన పేరు మిగిల్చినవాడు కూడా ఇతడే. తెల్ల సైనికుల వినోదం కోసం, వారి శరీర దారుఢ్యం కోసం పుట్టిన పోటీ ఇది. అందుకే మొదటి అర్ధ శతాబ్దం పాటు కప్పు మీద చెక్కిన పేర్లన్నీ బ్రిటిష్ సైనిక దళాలవే. 1940లో పోటీ ఢిల్లీకి వచ్చింది. ఆ ఏడాది కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి, ఆ వరుసను తెంచింది. ఆ వెంటనే యుద్ధం కారణంగా పోటీ ఆగిపోయింది.

యుద్ధం ముగిశాక జనం మైదానాలకు ఎంత ఆకలితో పరుగెత్తారో తెలియాలంటే ఇంగ్లాండు వైపు చూడాలి. అక్కడ ఎఫ్.ఏ. కప్పు 1945-46లో మళ్ళీ మొదలైంది. 1946 మార్చి 9న బోల్టన్ పట్టణంలోని బర్న్‌డెన్ పార్క్ మైదానంలో జనం కిక్కిరిసి, తొక్కిడిలో 33 మంది ప్రాణాలు పోయాయి. ఆరేళ్ళు బాంబుల కింద బతికిన కార్మిక జనం, తమదైన ఒక మధ్యాహ్నం కోసం వెళ్ళి అలా చనిపోయారు. మన దేశంలో యుద్ధం తర్వాత శాంతి రాలేదు, విభజన వచ్చింది. ఇంగ్లాండు కప్పు యుద్ధం ముగిసిన ఏడాదిలోపే తిరిగివస్తే, డ్యూరాండ్ కప్పు తిరిగిరావడానికి 1950 దాకా పట్టింది.

ఈలోగా హైదరాబాదులో ఏం జరిగింది? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. యుద్ధ ట్యాంకులతో జరిగిన ఆ దాడికి ప్రభుత్వం పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. రజాకార్ల పీడ విరగడైంది; నిజాం పాలన ముగిసింది. అయితే ఆ తర్వాత అమాయక ముస్లిం ప్రజల మీద జరిగిన హింసాకాండను పండిత సుందర్‌లాల్ సంఘం విచారించి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ సంఘంలో ‘పయామ్’ పత్రిక సంపాదకుడు, ‘లైలా కే ఖుతూత్’ రచయిత కాజీ అబ్దుల్ గఫార్ ఒక సభ్యుడు. నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. సామాన్య పాఠకునికి అది అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది. ఆ హింస ఎక్కువగా జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. మన వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల్లో అదే సైన్యం, ఆ వెనుక వచ్చిన పోలీసు బలగాలు కమ్యూనిస్టుల మీదికి మళ్ళాయి. ఈ పోరాటంలో 4 వేల మంది ప్రాణాలర్పించారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా మన పల్లెల్లో ‘పోలీసు’ అంటే క్యాంపు. క్యాంపు అంటే చిత్రహింస.

ఇప్పుడు 1950కి రండి. సైన్యం చేసిన పనికి ‘పోలీసు’ అని పేరు. పల్లెను నలిపిన బూటుకు ‘పోలీసు’ అని పేరు. ఢిల్లీ మైదానంలో మోహన్ బగాన్ ఎదుట నిలిచిన పదకొండు మంది చొక్కా కూడా ‘పోలీసు’దే. ఆ చొక్కా తొడుక్కున్నవారిలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదీ ముస్లిం యువకులున్నారు. రెండేళ్ళ కిందట వారి సమాజమంతా అనుమానానికి గురైంది. ఆ అనుమానం పూర్తిగా చల్లారక ముందే రాజధానికి వెళ్ళి, కొత్త రాష్ట్రం పేరు నిలబెట్టే బాధ్యత వారి కాళ్ళ మీద పడింది.

నాకౌట్ పోటీ స్వభావం మనకు తెలిసిందే. అందులో ఓడినవారికి మరో రోజు లేదు. ఫైనల్లో రెండు జట్లూ చెరి రెండు గోల్స్ చేసి సమంగా నిలిచాయి. మళ్ళీ ఆడవలసి వచ్చింది. ఆ రెండో ఆటలో హైదరాబాద్ పోలీసులు 1-0తో గెలిచారు. 1911లో తెల్ల సైనికుల జట్టును ఓడించి జాతీయోద్యమానికి ఉత్సాహమిచ్చిన మోహన్ బగాన్ మీద సాధించిన గెలుపు ఇది. బొంబాయి రోవర్స్ కప్పునైతే ఈ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది.

ఈ జట్టు ఒక్కనాట పుట్టింది కాదు. దీన్ని మొదట తీర్చిదిద్దినవాడు నార్బర్ట్ ఫ్రూవాల్. 1950 నుంచి శిక్షణ బాధ్యత వహించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం పోలీసు కాదు, బడిపంతులు. ఉస్మానియాలో చదువుకొని నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పినవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన పద్ధతి గమనించదగింది. బంతిని ఒంటరిగా లాక్కుపోవడం నిషేధించి ఒక పోటీ పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలని మరో పోటీ పెట్టారు. నైపుణ్యం ఒకరి సొత్తు కాదు, అందరూ ఒకరికొకరు అందించుకునేది అన్న భావన ఆ పద్ధతిలో ఉంది. మనం సిద్ధాంత గ్రంథాల్లో చదివే మాటను ఆయన మట్టి మైదానంలో పిల్లలకు నేర్పారు.

సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం, రోజూ నగరానికి రావడానికి డబ్బులు లేవంటే, సైకిలు కిరాయికి రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారట. ఆ సంగతి తర్వాతి కాలంలో బలరామే చెప్పుకున్నాడు. ఆ కుర్రవాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఆడాడు. రెండు జట్లకూ రహీమే గురువు. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

అలాంటప్పుడు ఈ చరిత్ర మన సాహిత్యంలో ఎందుకు లేదు? నాకు తోచిన కారణం ఇది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు రాసిన తరం అది. దాశరథి, కాళోజీ జైళ్ళు చూసిన తరం అది. పోలీసు చొక్కాను దగ్గరగా చూసినవారు దాని గెలుపుకు చప్పట్లు కొట్టలేదు. ఆ మౌనంలో న్యాయముంది. పాలకవర్గం ఎప్పుడూ కప్పును ముందు పెట్టి క్యాంపును వెనక దాచుతుంది. దాన్ని గుర్తించని రచయిత మోసపోతాడు.

కాని ఆ మౌనాన్ని నేటికీ కొనసాగించడం న్యాయం కాదు. ఆ చొక్కా తొడుక్కున్నది ఎవరు? ఆట మీద బతకలేక, ఆట వదలలేక, జీతం కోసం ప్రభుత్వ కొలువులో చేరిన మామూలు కుటుంబాల పిల్లలు. ఆజంజాహి మిల్లు కార్మికుడు మిల్లు యజమాని బట్టను నేసినట్టే, వీరు ప్రభుత్వ చొక్కాతో ఆడారు. బట్ట మీద మిల్లు ముద్ర ఉంటుంది. నేసిన చెయ్యి కనిపించదు. కప్పు మీద కూడా అంతే. శాఖ పేరు చెక్కారు. బడిపంతులు పేరు, ఆడిన కాళ్ళ పేర్లు చెక్కలేదు. శ్రమను కనిపెట్టి చెప్పడమే తన పని అనుకునే సాహిత్యం ఇక్కడ ఆ పని చేయలేదు. రహీం కథను 2024లో బొంబాయి హిందీ సినిమా చెప్పింది. తెలుగు నవల చెప్పలేదు.

ఆ పని ఇప్పుడైనా మొదలుపెట్టాలని యువ రచయితలను, విశ్వవిద్యాలయ విద్యార్థులను కోరుతున్నాను. రాసేటప్పుడు క్యాంపును మరవకండి, కప్పునూ మరవకండి. 1950లో ‘పోలీసు’ అన్న ఒక్క మాట కింద మన పల్లె ఏడుపూ ఉంది, నగరపు గల్లీల నుంచి వచ్చిన కుర్రవాళ్ళ గెలుపూ ఉంది. ఒకదాని కోసం రెండోదాన్ని చెరిపేసేది ప్రభుత్వ ప్రకటన అవుతుంది, లేదా కరపత్రమవుతుంది. రెండింటినీ ఒకేచోట నిలబెట్టగలిగినప్పుడే అది చరిత్ర అవుతుంది.